సగం రజాయి

ఆ ఏడాది మే నడిమధ్య నుంచి జూన్ ఆఖరు దాకా నేను నిద్రలో కూడా ఒక ఎర్ర గీతనే చూశాను. నిజంగా! మా అమ్మ సాక్ష్యం. నిద్రలో "నూట డెబ్బై తొమ్మిది, నూట డెబ్బై తొమ్మిది" అని కలవరించానట.

మా స్కూల్లో ఆఫీసు గది బయట గోడకి ఒక తెర ఉండేది. స్కూలు మొత్తం ఆ నిమిషాన ఎంత కరెంటు లాగుతోందో ఆకుపచ్చ గీత దాని మీద పాక్కుంటూ పోయేది. పైన నూట ఎనభై కిలోవాట్ల దగ్గర కదలకుండా ఒక ఎర్ర గీత. ఆకుపచ్చది వెళ్ళి ఎర్రదాన్ని తాకిందా, అంతే, కంప్యూటరు ఎవర్నీ అడక్కుండా ఏసీలు కట్టేసేది. ముందు మూడో అంతస్తు. మాది మూడో అంతస్తు. మా ఊరు కావ్‌షుంగ్‌లో మే నెలలో, ఇంకా ముసురు పట్టకముందు, ఇరవై తొమ్మిది మంది కూర్చున్న గదిలో ఏసీ ఆగిపోతే ఎలా ఉంటుందో మాన్‌లీ మాటల్లోనే చెప్పాలి: "ఒసేయ్ రూయిన్, మనం పిల్లలం కాదే, బుట్టలో పెట్టి ఆవిరి పట్టిన బన్నులం!"

అందుకే సూ టీచర్, మాకు సైన్స్ చెప్పే ఆవిడ, ఎనిమిదో క్లాసు నుంచి నలుగుర్ని పోగేసి "కరెంటు జట్టు" పెట్టారు. జట్టులో నేను రాసే మనిషిని. ప్రతి పావుగంటకీ తెర మీది అంకె నోటు చేసుకుని, సాయంత్రం గళ్ళ కాగితం మీద గీత గీయాలి. ఆ పని నాకు ఎంత నచ్చిందంటే, బాత్రూముకి వెళ్ళే దారిని కూడా తెర ముందు నుంచి మార్చేసుకున్నాను. మాన్‌లీది కొలిచే పని. స్కూలు పనులన్నీ చూసుకునే గ్వో పెద్దనాన్న వెనకాల తిరుగుతూ, ఏ మిషను ఎంత లాగుతోందో ఆయన మీటరు పెడితే ఈవిడ అంకె అరవడం. మిగతా ఇద్దరూ లైట్లూ ఫ్యాన్లూ ఆపుతూ క్లాసుల చేత తిట్లు తినే వాళ్ళు.

మొదటి గొడవ మాన్‌లీ తిండి వల్లే వచ్చింది.

మెయిన్ బోర్డు గదిలో, బోర్డు నెత్తిన, గ్వో పెద్దనాన్న ఒక ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ పెట్టేవాడు. మిషను మొరాయించకుండా మా దగ్గర అందరూ పెడతారు, ఆసుపత్రి మిషన్ల మీద కూడా ఉంటుంది. దాని పేరుకే 'బుద్ధిగా ఉండు' అని అర్థం. ఆకుపచ్చదే పెట్టాలి, పచ్చదీపం వెలిగితే అంతా సవ్యం అన్నట్టు. గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. మాన్‌లీ తినేసింది. తిని ఊరుకోకుండా ఆ స్థానంలో పసుపు ప్యాకెట్ పెట్టింది. మర్నాడు పదకొండూ ఇరవైకి మూడో అంతస్తు ఏసీలన్నీ చచ్చాయి.

"ఎవరు తిన్నారు?" గ్వో పెద్దనాన్న ప్యాకెట్ పట్టుకుని మా క్లాసు గుమ్మంలోకే వచ్చేశాడు.

"నేనే పెద్దనాన్నా. గడువు దగ్గర పడింది, పాడైపోతుందని..."

"తింటే తిన్నావు, పసుపుది ఎందుకు పెట్టావు తల్లీ?"

"షాపులో ఆకుపచ్చవి అయిపోయాయి."

"అయిపోతే ఖాళీగా ఉంచు! పసుపు పెడితే మిషను ఏమనుకుంటుంది? 'ఓహో, ఇవాళ బద్ధకించొచ్చు' అనుకోదూ?"

క్లాసంతా మాన్‌లీ మీద పడింది. తొమ్మిదో క్లాసు వాళ్ళు మెట్ల మీద ఆమెను చూసి "అదుగో పసుపు ప్యాకెట్" అనడం మొదలుపెట్టారు. మాన్‌లీ నవ్వుతూనే ఉంది గానీ సాయంత్రానికి ఆ నవ్వు వాడిపోయింది. సూ టీచర్ మాత్రం, "మీటరుకి రంగులు కనబడవు. అంకెలు చూపించండి, అప్పుడు మాట్లాడదాం" అన్నారు.

నా స్నేహితురాలి పరువు నా గళ్ళ కాగితం మీద ఉంది! ఆ వారం పదకొండు రోజుల గీతలు పక్కపక్కన పరిచాను. ప్రతి రోజూ ఒకటే ఆకారం. ఏసీలన్నీ ఆన్ అయ్యేసరికి పదింబావు. అక్కడ గీత నూట యాభై దాటి కాస్త చదునుగా సాగుతుంది. పదిన్నరకి మళ్ళీ లేస్తుంది, పొట్టలా. పన్నెండుకి ఒక్కసారిగా దిగిపోతుంది. పసుపు ప్యాకెట్ లేని రోజుల్లో కూడా ఆ పొట్ట ఉంది. ఏంటది? ఏం పుట్టుకొస్తోంది పదిన్నరకి?

మర్నాడు పదిన్నరకి తెర ముందు నిలబడ్డాను. నూట యాభై ఎనిమిది. నూట అరవై ఆరు. నూట డెబ్బై నాలుగు. అప్పుడు నా ముక్కుకి తగిలింది. సోయా సాసులో ఉడికిన గుడ్డు వాసన, ఎండు ముల్లంగి వాసన, చేప వాసన, అన్నీ కలిసిపోయి వరండా పొడుగునా.

స్టీమర్లు.

*

మా స్కూల్లో మధ్యాహ్నం తిండి క్యాంటీను నుంచి పెద్ద గిన్నెల్లో వస్తుంది. కానీ ఇంటి దగ్గర్నుంచి డబ్బా తెచ్చుకునే వాళ్ళు కూడా ఉంటారు. ప్రొద్దున్నే స్టీలు డబ్బాలు ఇనప బుట్టలో వేసి, అంతస్తుకి రెండేసి చొప్పున ఉన్న ఆవిరి బీరువాల్లో పెట్టేస్తాం. పదిన్నరకి వాటంతట అవే వెలిగి, పన్నెండుకి పొగలు కక్కే అన్నం ఇస్తాయి. ఆరు బీరువాలు. మా అంతస్తు బీరువాల్లో మూడే డబ్బాలు. అందులో ఒకటి నాది.

నాది అంటే, నిజానికి మా ఆగోంగ్‌ది. తాతయ్యది. పాత ఓడలు విరగ్గొట్టే యార్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. మూత మీద మేకుతో గీసిన ఆయన పేరు ఇంకా ఉంది. ఆ చలికాలం ఆయన పోయాడు. పోయిన తర్వాత మా ఆమా, నాయనమ్మ, ఇల్లు దాటలేదు. సందు చివర ముసలాళ్ళంతా కలిసి మైకులో పాటలు పాడుకునే చోటుకి వెళ్ళడం మానేసింది. జుట్టుకి రంగేసుకోవడం మానేసింది. పక్కింటావిడ పిలిస్తే "కాళ్ళు నొప్పి" అనేది. అమ్మా నాన్నలకి రేవు దగ్గర టిఫిన్ కొట్టు, తెల్లవారుజామున మూడున్నరకే వెళ్ళిపోతారు. నాలుగూ యాభైకి వంటింట్లో మూకుడు చప్పుడు వినబడేది. అది ఆమా. రోజు మొత్తంలో ఆవిడ చేసే పని అదొక్కటే. నా డబ్బా.

నాకేమో బుధవారం క్యాంటీన్లో వేయించిన కోడి ఉంటుంది కదా, అందరూ తింటారు కదా. ఒకసారి అమ్మతో అన్నాను, "వారంలో ఒక్క రోజైనా నాకు డబ్బా వద్దని ఆమాకి చెప్పవా?" అని.

అమ్మ గిన్నెలు తోముతున్నది ఆగింది. "రూయిన్, ఆ డబ్బా ఉంది కాబట్టే మీ ఆమా మంచం దిగుతోంది. దాని జోలికి పోకు."

అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు చెప్పండి, నా పరిస్థితి! మీటరు పెట్టి చూస్తే ఒక్కో ఆవిరి బీరువా నాలుగు కిలోవాట్లు. ఆరు కలిస్తే ఇరవై నాలుగు. సరిగ్గా నా కాగితం మీది పొట్ట అంత. నేను ఏంచేశానంటే, మాన్‌లీని అసలు వాటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. నేనే గ్వో పెద్దనాన్నతో వెళ్ళి కొలిచి, ఆ కాగితం మడిచి పెన్సిలు పెట్టెలో పెట్టేశాను. నివేదికలో ఆ పొట్ట పక్కన 'ఇతరాలు' అని రాశాను.

"ఇతరాలంటే ఏమిటే?" అంది మాన్‌లీ.

"క్యాంటీను మోటార్లు అయ్యుంటాయి. చూడాలి."

"త్వరగా చూడు తల్లీ, నిన్న మా తమ్ముడు కూడా నన్ను పసుపు అని పిలిచాడు."

తొమ్మిది రోజులు 'ఇతరాలు' అని రాశాను. రోజూ పన్నెండున్నరకి ఆమా చేసిన చేప పొట్ట ముక్క తింటూ, రేపు చెబుదాం అనుకుంటూ.

పదో రోజు పదకొండుంబావుకి ఏసీలు మళ్ళీ ఆగాయి. కిటికీలు తెరిచాం, గాలి లేదు. మాన్‌లీ నా పక్క డెస్కు. మొదట జోకులేసింది. తర్వాత మాట్లాడటం మానేసింది. మాన్‌లీ మాట్లాడటం మానేసిందంటే నాకు అప్పుడే తెలియాలి. తిరిగి చూసేసరికి మొహం తెల్లగా పాలిపోయి డెస్కు మీదకి వాలిపోయింది.

నర్సు గదిలో ఐసు గుడ్డలు పెడితే పది నిమిషాలకి కళ్ళు తెరిచి, ఉప్పు నీళ్ళు తాగింది. నన్ను చూసి మెల్లగా, "చూశావా, పసుపు ప్యాకెట్ పెట్టింది నేను, దెబ్బ కూడా నాకే. మిషను న్యాయంగానే ఉంది" అంది.

మధ్యాహ్నం నిద్ర గంట కొట్టారు. స్కూలంతా లైట్లార్పి డెస్కుల మీద తలలు వాల్చింది. నేను మాత్రం పెన్సిలు పెట్టె పట్టుకుని స్టాఫ్ రూముకి వెళ్ళాను.

సూ టీచర్ కాగితం విప్పి చూశారు. నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. డబ్బా, ఆగోంగ్, ఆమా, మూకుడు చప్పుడు, అన్నీ. చుట్టూ టీచర్లు నిద్రపోతున్నారని గుసగుసగా ఏడవాల్సి వచ్చింది, అది ఇంకా కష్టం.

"ఇతరాలు అనే గడి ఎందుకు పెట్టుకున్నామో తెలుసా?" అన్నారావిడ. "మనకి తెలియని వాటి కోసం. తెలిసి చెప్పలేని వాటి కోసం కాదు."

తిట్టినా బాగుండేది. టిష్యూల డబ్బా నా వైపు జరిపి, "రేపు నువ్వే చెప్పు అందరికీ. నేను పక్కన ఉంటాను" అన్నారు.

*

చెప్పాను. స్కూలు కరెంటూ నీళ్ళూ భవనాలూ చూసే హువాంగ్ సార్ గదిలో, నా గీతలు గోడకి అంటించి, పొట్ట మీద వేలు పెట్టి, "ఇది స్టీమర్లు సార్. ఆరింట్లో కలిపి నలభై ఒక్క డబ్బాలు" అని చెప్పాను.

హువాంగ్ సార్ చప్పట్లు కొట్టారు! "ఇన్నేళ్ళుగా మాకు తట్టలేదు చూడండి! తేలిపోయిందిగా. సోమవారం నుంచి స్టీమర్లు బంద్. ఆ నలభై ఒక్కరూ క్యాంటీను తిండి తింటారు. జట్టుకి అభినందనలు."

మాన్‌లీ గాల్లోకి గెంతింది. మా నలుగురికీ బబుల్ టీ ఇప్పించారు. మాన్‌లీ పరువు దక్కింది, తొమ్మిదో క్లాసు వాళ్ళు వచ్చి సారీ చెప్పారు. నా బబుల్ టీ నేను తాగలేకపోయాను. మాన్‌లీయే రెండూ తాగేసింది.

ఆదివారం సాయంత్రం, ఆమా మర్నాటి కోసం గుడ్లు ఉడకబెడుతుంటే చెప్పాను. "ఆమా, రేపట్నుంచి డబ్బా వద్దు. స్కూల్లో స్టీమర్లు తీసేస్తున్నారు."

"అలాగా." పొయ్యి ఆపేసింది. "అందరికీనా?"

"అందరికీ."

"మరి మంచిదేలే. క్యాంటీన్లో కోడి పెడతారు కదూ, నీకిష్టం." డబ్బా తీసి, మళ్ళీ ఒకసారి తోమి, పొడి గుడ్డతో తుడిచి, మూత విడిగా పెట్టి, అల్మారాలో పై అరలో బోర్లించింది. పై అరలో అంటే రోజూ వాడని గిన్నెలు ఉండేచోట.

సోమవారం నాలుగూ యాభైకి నాకు మెలకువ వచ్చింది. చప్పుడు లేదు. ఐదు. ఐదున్నర. ముసురు ఆ రోజే మొదలైంది, రేకు మీద చినుకులు తప్ప ఇంట్లో ఏమీ లేదు. నేను స్కూలుకి వెళ్ళేటప్పుడు కూడా ఆమా గది తలుపు వేసే ఉంది. మంగళవారం అంతే. బుధవారం క్యాంటీన్లో కోడి. నేను మాన్‌లీ పళ్ళెంలో వేసేశాను. తెర మీద మాత్రం ఆకుపచ్చ గీత నూట అరవై దగ్గర హాయిగా పడుకుని ఉంది. ఏసీలు ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రతి ఒక్కరూ నన్ను మెచ్చుకునే వాళ్ళే.

గురువారం ఇంటికొచ్చేసరికి అమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. "మీ ఆమా నిన్నటి నుంచి గంజి తప్ప ఏమీ ముట్టలేదు," అంది.

నా కాగితాలన్నీ తీసుకుని ఆమా గదిలోకి వెళ్ళాను. ఎందుకో తెలియదు. చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. మంచం మీద గళ్ళ కాగితాలు పరిచి, "ఆమా, స్టీమర్లు వాళ్ళు తీసెయ్యలేదు. నేనే తీయించాను. ఇదిగో, ఇదీ సంగతి" అన్నాను.

ఆమా లేచి కూర్చుంది. కళ్ళజోడు కోసం తడుముకుంది. "ఇదేంటి, కొండలా?"

"అది మన డబ్బాలు. పదిన్నరకి మొదలవుతాయి. అప్పటికే ఏసీలు అన్నీ తిరుగుతుంటాయి. రెండూ కలిసి ఎర్ర గీత దాటేస్తుంది."

"మరి ఇక్కడేంటి, ఇంత కిందకి ఉంది?"

"అది తొమ్మిది. ఏసీలు ఇంకా ఆన్ అవ్వవు."

"మరి అక్కడ ఉడికించుకోవచ్చుగా?"

"పన్నెండుకల్లా చల్లారిపోదూ?"

ఆమా కళ్ళజోడు మీంచి నన్ను చూసింది. ఆ చూపు చూసి ఎన్ని నెలలైందో! "ఏమే, సైన్స్ చదువుతున్నావా, గాడిదలు కాస్తున్నావా? మీ ఆగోంగ్ యార్డులో స్టీమర్ ఎక్కడిది? ఓడ కడుపులో కూర్చుని తినేవాడు. ప్రొద్దున ఐదింటికి పొయ్యి మీంచి దించిన అన్నం, దూదిలో చుట్టి ఇచ్చేదాన్ని. ఒంటిగంటకి మూత తీస్తే నాలిక కాలేది. ఒకసారి నిజంగానే కాల్చుకుని వచ్చి నా మీద విసుక్కున్నాడు కూడా."

నాలుగు వారాలుగా కరెంటు వెంట పడ్డాను గానీ వేడి ఎటు పోతుందో ఒక్కసారి ఆలోచించలేదు!

"ఆ బీరువా ఎంత ఉంటుంది?" అంది ఆమా.

చేతులు చాపి చూపించాను.

"చేతులతో కాదు. రేపు టేపు పెట్టి కొలుచుకురా."

కొలిచి తెచ్చాను. శుక్రవారం సాయంత్రం ఆమా అల్మారా పై నుంచి రజాయి దింపించింది. వాళ్ళ పెళ్ళికి వాళ్ళమ్మ చేయించి ఇచ్చింది, ఆరు కిలోల దూది, పైన వలలా ఎర్ర దారాలు. చలికాలం ఇద్దరూ దాని కిందే పడుకునేవారు. నేల మీద పరిచి, గలేబు ఊడదీసి, నడిమధ్యన రెండు వరసలు దగ్గరదగ్గరగా కుట్టింది, కోసినప్పుడు దూది రాలకుండా. కత్తెర తీసుకుంది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అత్తయ్యా, పాత దుప్పట్లు వేరే ఉన్నాయి..."

"అవి పల్చన."

అమ్మ లోపలికొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "ఏ సగం?"

"గోడ వైపుది," అంది ఆమా.

గోడ వైపు పడుకునేది ఆగోంగ్. అమ్మ ఆ కొస పట్టుకుని బిగించి లాగింది. కత్తెర దూదిలో దిగే చప్పుడు మంచులో నడిచినట్టుంటుందేమో. నేను మంచు చూడలేదనుకోండి.

*

బీరువా కొలిచిన రోజే ఆమా ఉపాయం సూ టీచర్‌కి చెప్పగానే "ప్రయోగం!" అని లేచి నిలబడ్డారు. హువాంగ్ సార్ మాత్రం తల గోక్కున్నారు. "గోరువెచ్చగా తింటే పిల్లలకి కడుపులో తిప్పుతుంది. అరవై డిగ్రీలకి తగ్గితే ఒప్పుకోను. ఒకే ఒక్క రోజు ఇస్తాను."

ఒకే ఒక్క రోజు! ఆరు స్టీమర్లు కాదు, కింద అంతస్తులో ఒక్కటే. నలభై ఒక్క డబ్బాలూ అందులోనే, కిక్కిరిసి, ఎందుకంటే ఎంత నిండుగా ఉంటే అంత వేడి నిలుస్తుందని టీచర్ అన్నారు. ఎనిమిదీ నలభైకి వెలిగించాలి. తొమ్మిదీ నలభైకి ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఆమా కుట్టిన రజాయి కోటు తొడగాలి.

సోమవారం నాలుగూ యాభైకి మూకుడు చప్పుడు. నేను మంచంలోంచి లేవలేదు, కదల్లేదు, విన్నాను. అంతే.

తొమ్మిదీ నలభైకి గ్వో పెద్దనాన్న ప్లగ్గు లాగాడు. నేనూ మాన్‌లీ కోటు తొడిగాం. వెనక నాడాలు కట్టబోతే అందవు! ఎటు లాగినా ఒక మూల తెరుచుకునే ఉంది. ఆవిరి బయటికి పోతోంది. "తిరగేసి తొడిగావే!" అని మాన్‌లీ, "నువ్వే తిప్పావు!" అని నేను.

"ఇద్దరూ జరగండి," అని వెనక నుంచి గొంతు.

ఆమా. గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆరు నెలల తర్వాత ఇల్లు దాటిన మనిషి, రెండు బస్సు స్టాపుల దూరం వానలో నడిచొచ్చింది.

"ఎలా వచ్చావు ఆమా? కాళ్ళు నొప్పి అన్నావుగా?"

"నువ్వు నాడాలు కట్టలేవని తెలుసు. చిన్నప్పుడు బూటు లేసులే కట్టుకోలేకపోయేదానివి." మాన్‌లీ పగలబడి నవ్వింది. ఆమా కోటు తిప్పి, మూలలు సర్ది, నాలుగు ముళ్ళు బిగించింది. గ్వో పెద్దనాన్న అది చూసి, జేబులోంచి కొత్త ఆకుపచ్చ ప్యాకెట్ తీసి స్టీమర్ నెత్తిన పెట్టాడు. "ఎందుకైనా మంచిది వదినా," అన్నాడు.

"గడువు చూశారా?" అంది ఆమా.

"డిసెంబరు దాకా ఉంది."

"అయితే సరే."

పదింబావు. పదిన్నర. పదకొండు. పదకొండూ ఇరవై. గీత నూట అరవై ఒకటి దాటలేదు. ఆ రెండు గంటలూ క్లాసులో ఏం చెప్పారో నన్నడక్కండి.

పన్నెండూ ఐదుకి స్టీమర్ చుట్టూ సగం స్కూలు. ఆమా ముళ్ళు విప్పింది. సూ టీచర్ థర్మామీటర్ మధ్య డబ్బా అన్నంలోకి గుచ్చారు. మాన్‌లీ అరవడానికి నోరు తెరిచి సిద్ధంగా ఉంది. హువాంగ్ సార్‌కి ఓపిక లేదు, "నాకు చేత్తో చూస్తేనే తెలుస్తుంది" అని అంచున ఉన్న డబ్బా మూత మీద అరచెయ్యి వేసి, "అమ్మోయ్!" అని వెనక్కి గెంతారు.

"డెబ్బై రెండు!" అని మాన్‌లీ అరిచింది.

ఆమా హువాంగ్ సార్ చెయ్యి పట్టుకుని పంపు కింద పెట్టింది. "మా ఆయన కూడా ఇలాగే కాల్చుకున్నాడు బాబూ. చెబితే వినరు."

సార్ తడి చెయ్యి దులుపుకుంటూ, "రేపట్నుంచి ఇలాగే కానివ్వండి," అన్నారు. ఆపైన కాస్త గొంతు తగ్గించి, "మా ఆవిడ కూడా డబ్బా ఇస్తానంటోంది. చోటుంటుందా?" అని అడిగారు.

చోటు చేశాం. ఒకే చోట నుంచి డబ్బాలు తీసుకోవాలి కాబట్టి, అందరం అక్కడే మెట్ల మీద కూర్చుని తినడం మొదలుపెట్టాం. ఏడో క్లాసు పిల్ల పోర్క్ బాల్ నా గుడ్డుకి మారకం. వియత్నాం నుంచి వచ్చిన ఒకావిడ కొడుకు తెచ్చే చేప కూర కోసం తొమ్మిదో క్లాసు వాళ్ళు వరసలో నిలబడేవాళ్ళు. జూన్ ఆఖరుకి నలభై ఒకటి కాస్తా యాభై ఎనిమిదయ్యాయి, మాన్‌లీదీ అందులో ఒకటి. ఆమా రోజూ తొమ్మిదిన్నరకి వచ్చేది. నాడాలు నేర్పిస్తానంటే గ్వో పెద్దనాన్న "నాకు రాదు వదినా, వేళ్ళు లావు" అని తప్పించుకునేవాడు. బోర్డు గదిలో సన్న వైర్లకి ముళ్ళు వేసే మనిషికి నాడాలు రాకపోవడం ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది. రెండో వారంలో ఆమా జుట్టుకి రంగు వేసుకుని వచ్చింది. మాన్‌లీ ఒక్కతే "వావ్ ఆమా!" అంది, అది చాలు.

జిల్లా కరెంటు పొదుపు పోటీలో మాకు నాలుగో స్థానం. మొదటి ముగ్గురూ సోలార్ పలకలు పెట్టారు. ఒక జడ్జి మా బోర్డు ముందు ఆగి, "ఇక్కడ పరికరం అని రాశారు, ఇది రజాయి కదా?" అన్నాడు. "రజాయే సార్. సగం," అన్నాను.

ఇప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఇవన్నీ ఎందుకింత గబగబా రాస్తున్నానంటే, ఆ సీజన్లో ఎవరికీ సరిగ్గా థాంక్స్ చెప్పలేదు. సూ టీచర్‌కి చెప్పలేదు. వేళ్ళు లావైన గ్వో పెద్దనాన్నకి చెప్పలేదు. పసుపు ప్యాకెట్ పెట్టిన మాన్‌లీకి అసలు చెప్పలేదు. ఆమాకి చెబితే "ఏంటే ఈ మర్యాదలు" అంటుంది.

సెలవులిచ్చిన మర్నాడు రజాయి కోటు ఇంటికి తెచ్చాను. ముసురు పోయి ఎండ కాస్తోంది. దూది రజాయి ఉతకరు, ఎండలో పెడతారు. ఆమా తన సగం కూడా తీసుకుని మేడ మీదికి వచ్చింది. రెండూ తీగ మీద పక్కపక్కన వేసింది. కోటుకి ముక్కు ఆనించి గట్టిగా వాసన చూసింది. సోయా గుడ్డు, ఎండు ముల్లంగి, చేప, యాభై ఎనిమిది ఇళ్ళ వంట.

"చలికాలానికి రెండూ కలిపి మళ్ళీ కుట్టేస్తావా ఆమా?"

"ఎందుకు? సెప్టెంబరులో స్కూలుకి కావద్దూ?" వెదురు కర్రతో రెండు దెబ్బలు వేసి దుమ్ము దులిపింది. "నాకు ఈ సగం చాలు. టైమెంతయింది?"

"తొమ్మిదీ నలభై."

ఆమా నవ్వింది. ఆగోంగ్ సగం మీద అరచెయ్యి ఆనించి, వెచ్చబడిందో లేదో చూసింది.